‘చప్పుడే కదా!’

చాట్ ప్రోగ్రాములు రాసేవాళ్లలో ఒక మాట తాతల నాటి ఆస్తిలా చేతులు మారుతోంది. అక్షరాలను ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కు చేర్చడమే అసలు పని. అది కుదిరాక చప్పుడు చేర్చడమెంత? చిన్న వేవ్ ఫైల్ ఒకటి, లైబ్రరీ ఒకటి, ఖాళీ ఆదివారం ఒకటి ఉంటే చాలు. విండోస్, మాక్, లినక్స్ మూడింటి మీదా టింగుమంటుంది. ఆ దారి పడ్డాక మైకు తెరిస్తే గొంతు కూడా అందులోనే వెళ్తుంది. నచ్చనివాళ్లకు ఆపేసుకునే బటన్ ఉండనే ఉంటుంది.

ఈ మాటకున్న బలాన్ని ముందు ఒప్పుకోవాలి. పోర్ట్‌ఆడియో, ఎస్‌డీఎల్ లాంటి లైబ్రరీలు ఉచితం. గొంతును కుదించి పంపే ఓపస్ పద్ధతి 2012లోనే బహిరంగ ప్రమాణమైంది. గూగుల్ 2010లో గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్ అనే కంపెనీని కొని, మరుసటి ఏడాదే వెబ్‌ఆర్‌టీసీ పేరుతో ఆ సరుకును ఎవరైనా వాడుకునేలా బయటపెట్టింది. అన్నిటికన్నా గట్టిది చరిత్ర చెప్పే సాక్ష్యం: 1996లో వచ్చిన ఐసీక్యూ ఆనాటి అంతంతమాత్రం కంప్యూటర్ల మీదే ‘అ-ఓ’ అని పలికింది. యాహూ మెసెంజర్‌లో ఎవరైనా బజ్ కొడితే అమీర్‌పేట నెట్ సెంటర్లో పక్క సీటువాడు కూడా ఉలిక్కిపడేవాడు. పాతికేళ్ల కింద అయిన పని ఇప్పుడెందుకు కాదు?

కాదని కాదు. ఐసీక్యూ, యాహూ మెసెంజర్ ప్రధానంగా విండోస్ మీద బతికిన ప్రోగ్రాములు. వాటి వెనక జీతాలిచ్చే కంపెనీలుండేవి. ఇక్కడ మాట్లాడుతున్నది అన్ని ప్లాట్‌ఫాంల మీదా ఒకేలా నడవాలని ముగ్గురో నలుగురో కలిసి రాసుకునే ప్రోగ్రాం గురించి. అక్కడ ‘చప్పుడే కదా’ అన్న మాట ఎంత చేటు చేస్తుందో వరసగా విప్పుతాను.

1. ‘ఒక్క వరుస కోడ్ చాలు’

విండోస్‌లో నిజంగానే ఒక్క వరుస. ప్లేసౌండ్ అనే ఫంక్షన్ ఎప్పటినుంచో ఉంది. ఫైలు పేరు ఇస్తే మోగిస్తుంది. అయితే దానికి ‘నువ్వు మోగిస్తూ ఉండు, నా పని నేను చూసుకుంటా’ అనే ఫ్లాగ్ జతచేయకపోతే, మోత ముగిసేదాకా ప్రోగ్రాం అక్కడే నిలబడిపోతుంది. టైపు చేసిన అక్షరం తెర మీదికి రాదు, విండో కదలదు. సగం సెకను మోతకు సగం సెకను పక్షవాతం. పోనీ ఫ్లాగ్ పెడితే, రెండో మోత మొదలవగానే మొదటిది మధ్యలో తెగుతుంది. ఇద్దరు ఒకేసారి పలకరిస్తే వినిపించేది ‘టి-టింగ్’.

ఇది చిన్న చిక్కే. పెద్దది వేరే ఉంది. నేను పనిచేసిన ఒకచోట ఆఫీసు లోపలి చాట్‌కు ఒక కుర్రాడు శుక్రవారం సాయంత్రం చప్పుడు చేర్చాడు. సోమవారం పొద్దున సర్వర్ రీస్టార్ట్ అయింది. రెండు రోజులుగా పేరుకున్న మెసేజీలన్నీ ఒక్క ఊపున దిగాయి. ఒక్కో మెసేజీకి ఒక్కో గంట. హాల్లో నలభై మెషిన్లు. వైకుంఠ ఏకాదశి నాడు కూడా నేను అన్ని గంటలు వినలేదు. మధ్యాహ్నానికల్లా అందరూ స్పీకర్ వైర్లు పీకేశారు. చాలామంది మళ్లీ తగిలించలేదు. ఆ కుర్రాణ్ని నేనేమీ అనలేదు. ఆ కోడ్ చూసి సరేనన్నది నేనే.

మేమిద్దరం ఆలోచించింది ఎలా మోగించాలన్నదొక్కటే. ఎప్పుడు మోగించకూడదన్నది మాకు తట్టలేదు. పాత మెసేజీలు దిగుతున్నప్పుడు మోగకూడదు. నేను పంపినదానికి నాకే మోగకూడదు. ఆ సంభాషణ నా కళ్ల ముందే తెరిచి ఉంటే మోగకూడదు. అవతలివాడు ఒక వాక్యాన్ని ఆరు ముక్కలుగా పంపే రకమైతే (మనలో ప్రతి ఇంటికీ ఒకడుంటాడు) ఆరుసార్లు మోగకూడదు. ఫోన్‌లో చదివేసిన మెసేజీకి ల్యాప్‌టాప్ మోగకూడదు. దీనికోసం ఒకటి చదివినట్టు రెండోదానికి సర్వర్ చెప్పాలి, అంటే ప్రోటోకాల్ మారాలి. చూశారా, ఒక్క వరుస కోడ్ ఎక్కడిదాకా పాకిందో! మోగించే కోడ్ ఎప్పుడూ చిన్నదే. మోగకుండా ఆపే కోడ్‌కే అంతు ఉండదు, అంచనాలు వేసేటప్పుడు అది ఎవరి లెక్కలోకీ రాదు.

2. ‘లైబ్రరీ చూసుకుంటుంది’

ఎక్కువమంది మనస్ఫూర్తిగా నమ్మేది దీన్నే. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగక తప్పదు.

లినక్స్ సంగతి తీసుకోండి. మొదట్లో ఓఎస్ఎస్ అనే పద్ధతి ఉండేది. సౌండ్ కార్డు అంటే డెవ్ డీఎస్పీ అనే ఒక ఫైలు. తెరిచి అందులో రాస్తే మోగుతుంది. చవక కార్డుల మీద ఆ ఫైలును ఒకసారికి ఒక్క ప్రోగ్రామే తెరవగలదు. వీధి కుళాయి లెక్క: ముందు బిందె పెట్టినవాళ్లవే నీళ్లు. పాట వింటూ ఉంటే చాట్ గంట మోగదు. చాట్ ప్రోగ్రామే కుళాయి పట్టుకుని వదలడం మరిచిపోయిందా, అసలు పాటే మొదలవదు. తగువు తీర్చడానికి డెస్క్‌టాప్‌లు రాసేవాళ్లలో గ్నోమ్ వాళ్లు ఈఎస్‌డీ అనే మధ్యవర్తిని పెట్టుకున్నారు, కేడీఈ వాళ్లు ఆర్ట్స్ అనే మధ్యవర్తిని పెట్టుకున్నారు. ఇద్దరు పెద్దమనుషులూ అదే కుళాయి దగ్గర పోట్లాటకు దిగారు. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో ఓఎస్ఎస్ స్థానంలోకి ఆల్సా వచ్చింది. లినక్స్ పంపిణీల్లో 2007లో ఫెడోరా 8, 2008లో ఉబుంటు 8.04 పల్స్‌ఆడియో అనే కొత్త మధ్యవర్తిని నెత్తికెత్తుకున్నాయి. ఆ రోజుల్లో లినక్స్ వాడినవాళ్ల దగ్గర పల్స్‌ఆడియో పేరెత్తి చూడండి, వాళ్ల ముఖమే చెబుతుంది. 2021లో ఫెడోరా 34 దాన్నీ పక్కనపెట్టి పైప్‌వైర్‌ను తెచ్చింది. ఇరవై ఏళ్లు తిరక్కముందే ఒక్క సిస్టంలోనే చప్పుడు వెళ్లే దారి ఇన్నిసార్లు మారింది.

ఇంత గందరగోళంలో ‘చూసుకునే’ లైబ్రరీలు ఏం చేశాయి? అన్ని ప్లాట్‌ఫాంల మీదా ఒకే కోడ్ నడుస్తుందని పేరున్న క్యూటీ సంగతే చూడండి. దాని నాలుగో తరంలో క్యూసౌండ్ అనే క్లాస్ ఉండేది. విండోస్‌లో, మాక్‌లో మోగేది. లినక్స్‌లో మాత్రం నెట్‌వర్క్ ఆడియో సిస్టం అనే సర్వర్ నడుస్తుంటేనే మోగేది. ఆ సర్వర్‌ను ఇంట్లో నడుపుకునే మనిషి నాకు ఒక్కడూ తగల్లేదు. అది లేకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు: పిలిచిన ప్రతి ఫంక్షనూ మౌనంగా తన పని ముగించుకుని వెనక్కి వస్తుంది. డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి దాచకుండానే రాశారు. మోగలేదని ప్రోగ్రాంకు తెలియదు, మోగాల్సి ఉందని వాడుకరికి తెలియదు. కోడ్ ప్రకారం అంతా జయప్రదం.

గెయిమ్ అనే చాట్ ప్రోగ్రాం ఉండేది. 2007లో పిడ్జిన్‌గా పేరు మార్చుకుంది. అనేక ప్లాట్‌ఫాంల మీద ఏళ్ల తరబడి నడిచిన ప్రోగ్రాం, రాసినవాళ్లు సమర్థులు. లినక్స్‌లో దాని సెట్టింగుల్లో చప్పుడు పేజీ తెరిస్తే ‘ఏ పద్ధతిలో మోగించాలి’ అని ఒక జాబితా కనపడేది: ఆటోమేటిక్, ఈఎస్‌డీ, కన్సోల్ బీప్, చివరికి ‘కమాండ్’. ఆ చివరిదానికి అర్థం: మాకు చేతకాలేదు, ఏ ప్రోగ్రాంతో మోగించాలో మీరే రాయండి. దాన్ని నేను తప్పుపట్టడం లేదు, అంతకన్నా నిజాయితీ గల సెట్టింగు నేను చూడలేదు. లైబ్రరీ నిజంగా చూసుకునే మాటే అయితే ఆ జాబితా పుట్టాల్సిన అవసరం ఏమొచ్చిందన్నదే నా ప్రశ్న.

అసలు ఈ వాదనలోని కన్నం ఇక్కడుంది. లైబ్రరీ ఇచ్చే హామీ: ‘నువ్విచ్చిన శాంపిళ్లను డివైస్‌కు అందజేస్తాను.’ వాడుకరికి కావలసింది: ‘మెసేజీ వచ్చినట్టు నాకు తెలియాలి.’ ఈ రెంటికీ మధ్య బోలెడు దూరం. కొత్త మానిటర్ తగిలిస్తే సిస్టం చప్పుడును హెచ్‌డీఎంఐ తీగలోకి మళ్లిస్తుంది, ఆ మానిటర్‌కు స్పీకర్లే ఉండవు. హెడ్‌సెట్ పీకేస్తే మోత ఎక్కడికి పోవాలి, స్పీకర్‌కా, ఎక్కడికీ వద్దా? ఏ లైబ్రరీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. చెప్పగూడదు కూడా. అది ప్రోగ్రాం రాసినవాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి, వాళ్లేమో లైబ్రరీ చూసుకుంటుందని ఆదివారం సినిమాకు వెళ్లారు.

3. ‘ప్లాట్‌ఫాంలు మూడే కదా’

మూడని లెక్కపెట్టిన రోజుల్లో ఫోన్లు, బ్రౌజర్లు లెక్కలో లేవు. ఉన్న మూడింటిలోనూ తేడాలకు తక్కువేమీ లేదు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో చాట్ ప్రోగ్రాం తన మోతను తగ్గించుకోబోతే వింటున్న పాట కూడా తగ్గిపోయే ప్రమాదం ఉండేది. ఒక్కో ప్రోగ్రాంకు ఒక్కో వాల్యూమ్ అనేది విస్టాతో గానీ రాలేదు. ఆండ్రాయిడ్ 8.0 నుంచి నోటిఫికేషన్ చానల్ ఒకసారి సృష్టించాక దాని మోతను మార్చే హక్కు యాప్‌కు లేదు, వాడుకరిదే. ఐఫోన్‌లో నోటిఫికేషన్ మోత 30 సెకన్లు దాటితే మీ ఫైలును పక్కన పడేసి సిస్టం తన సొంత మోత వినిపిస్తుంది. బ్రౌజర్లలో ఆంక్షలు 2017, 2018లో సఫారీ, క్రోమ్‌లతో బిగిశాయి: మనిషి ఆ పేజీలో ఎక్కడో ఒకచోట క్లిక్ చేసేదాకా చప్పుడు చేయడానికి వీల్లేదు. పొద్దున బ్రౌజర్ తెరవగానే దానంతటదే లేచిన చాట్ పేజీకి మొదటి మెసేజీ వస్తే మోగకపోవచ్చు. ఇది బగ్ కాదు. మన చాట్ లాంటి ప్రోగ్రాముల బెడద పడలేక వాళ్లు చేసుకున్న చట్టం.

ఇక ఫైళ్ల రకాల సంగతి. ఎంపీత్రీ పేటెంట్ల లైసెన్సు బాధ 2017తో తీరింది. అంతకుముందు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ బాధ లేని ఆగ్ వోర్బిస్ పద్ధతిని వాడుకున్నారు, దాన్ని సఫారీ చాలాకాలం ముట్టుకోలేదు. దీని మీద ఇంకా రాయను. ఒక టింగుకు ఐదు రకాల ఫైళ్లు వెంట మోసినవాళ్లకు తెలుసు.

4. ‘గంట మోగితే గొంతు కూడా అదే దారిన పోతుంది’

వినడానికి ఇంపుగా ఉండి, నిలువునా ముంచే మాట ఇది. వాకిట్లో కాలింగ్ బెల్ పెట్టించినవాడు, అదే తీగ మీద రైలు కూడా నడుస్తుందన్నట్టు.

గంట మోగించడం అర సెకను పని. ఆలస్యమైనా కొంపలు మునగవు. గొంతుకు ఆలస్యమే ప్రాణాంతకం. ఒకవైపు మాట రెండోవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం జీ.114 చెబుతుంది. ఇప్పుడు హైదరాబాదు నుంచి డాలస్‌కు మాట్లాడే తల్లిని ఊహించుకోండి. భూగోళం మీద సూటిగా గీత గీసినా 14 వేల కిలోమీటర్లు పైమాటే. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి దారికే 70 మిల్లీసెకన్లు పోయాయి. అసలు తీగలు సూటిగా వేయరు, సముద్రాలు చుట్టి పోతాయి, కాబట్టి ఇంకా ఎక్కువే. మిగిలినదాంట్లో మైకు నింపే బఫర్, ఓపస్ 20 మిల్లీసెకన్ల చొప్పున కట్టే ప్యాకెట్, అవతల ప్యాకెట్లు ముందూవెనకా వస్తాయని సర్దుకోవడానికి ఉంచే నిల్వ, స్పీకర్ బఫర్ అన్నీ ఇమడాలి. ఫైలు మోగించడానికి రాసిన కోడ్‌లో బఫర్ ఎంత పెద్దదైతే అంత హాయి. గొంతుకు అది నేరుగా శత్రువు. అంటే ఆదివారం నాటి కోడ్‌లో గొంతుకు పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

ఆ తర్వాత గడియారాలు. రెండు సౌండ్ కార్డులూ సెకనుకు 48,000 శాంపిళ్లు అనే చెబుతాయి. ఏ రెంటి స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో కొట్టుకోవు. తేడా పది లక్షలకు వందే అనుకుందాం. సెకనుకు ఐదు శాంపిళ్లలోపే, ఎవరికి తెలుస్తుంది? గంటసేపు మాట్లాడితే 17,280 శాంపిళ్లు, అంటే సెకనులో మూడోవంతు పైన. ఒకవైపు బఫర్ పొంగుతుంది, లేదా రెండోవైపు ఎండిపోతుంది. ఐదు నిమిషాల టెస్టులో ఇది కనపడదు. ఆఫీసు టేబుల్ మీద రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టి ‘హలో, హలో’ అని చూసి ‘పనిచేస్తోంది’ అని రాసుకున్నవాళ్లకు అసలే కనపడదు. కూతురు అమెరికా నుంచి ఆదివారం గంటన్నర మాట్లాడినప్పుడు కనపడుతుంది.

ప్రతిధ్వని గురించి మన పెళ్లిపందిళ్ల మైక్‌సెట్ ఆపరేటర్‌కు తెలిసినంత కూడా చాలామంది ప్రోగ్రామర్లకు తెలియదు. మైకు బాక్సు వైపు తిరగ్గానే గీమని కూత పెడుతుంది. అతను పరుగున వెళ్లి మైకు పక్కకు తిప్పుతాడు, లేదా బాక్సు జరుపుతాడు. ల్యాప్‌టాప్‌లో మైకు, స్పీకర్ జానెడు దూరంలో ఉంటాయి. తిప్పడానికి మనిషి లేడు. స్పీకర్లోంచి వస్తున్నది ఏమిటో కోడ్‌కు ముందే తెలిసి ఉండాలి, అది మైకులోకి ఎంత ఆలస్యంగా, ఎంత మారి వస్తుందో లెక్కగట్టి తీసేయాలి. మోగించే కోడ్, వినే కోడ్ విడివిడి లైబ్రరీల్లో ఉంటే ఈ లెక్క కుదరదు. రెంటి కాలమూ ఒకే గడియారం మీద నడవాలి. అందుకే ప్రతిధ్వనిని ‘తర్వాత చేర్చుదాం’ అనడానికి లేదు. పునాది దశలో లేనిది పైకప్పు దశలో రాదు.

బ్లూటూత్ హెడ్‌సెట్ ఇంకో వింత. పాట వింటున్నప్పుడు అది కమ్మగా మోగుతుంది. ఏదైనా ప్రోగ్రాం మైకు తెరిచిందంటే, సాధారణంగా చాలా సిస్టంలలో అది కాల్స్ పద్ధతిలోకి మారి 8 వేల హెర్ట్జ్‌కో 16 వేలకో పడిపోతుంది. ఇళయరాజా పాట ట్రంక్ కాల్‌లా వినపడుతుంది. ‘మీ చాట్ తెరిస్తే నా హెడ్‌ఫోన్ పాడవుతోంది’ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు నవ్వకండి. ఆ మనిషి చెప్పింది అక్షరాలా నిజం.

‘వెబ్‌ఆర్‌టీసీ వాడితే ఇవన్నీ అందులోనే ఉన్నాయి కదా’ అంటారు. ఉన్నాయి, అందులో చాలా మంచి పని ఉంది. కానీ ఒక కంపెనీని కొని, పదేళ్లపాటు జీతాలిచ్చి, 2021 జనవరికి గానీ ప్రమాణంగా ఖరారు కానిదాన్ని చూపించి ‘చూశారా, ఎంత తేలికో’ అనడం నాకు అర్థం కాని తర్కం. పైగా అది కూడా రూటర్ల వెనక దాగిన రెండు మెషిన్లను కలపలేనప్పుడు మధ్యలో రిలే సర్వర్ కావాలి. గొంతుకు 24 కిలోబిట్లు పెట్టుకున్నా, సెకనుకు యాభై ప్యాకెట్ల మీద ఒక్కోదానికి 40 బైట్ల చిరునామా చీటీలు కలిపితే 40 కిలోబిట్లు. ఒక్కో వైపుకు, ఒక్కో కాల్‌కు. ఆ రిలే బిల్లు నెలనెలా వస్తుంది. ఉచిత లైబ్రరీ అన్నవాళ్లు ఆ రోజు ఫోన్ ఎత్తరు.

5. ‘నచ్చనివాళ్లు ఆపేసుకుంటారు’

ఆపేసుకోవాలంటే ముందు అదరాలి. డాలస్‌లో కొడుకు మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం చేస్తూ ‘అమ్మా తిన్నావా’ అని పంపుతాడు. వేసవిలో అది మన దగ్గర రాత్రి పదకొండున్నర. ఆ టింగుకు మేల్కొన్న ఆవిడ సెట్టింగుల్లోకి వెళ్లి మూడో పేజీలో బటన్ వెతుకుతుందా? ఫోన్‌ను దిండు కింద పెడుతుంది, లేదా మోత మొత్తం తీసేస్తుంది. తెల్లవారి ఆసుపత్రి నుంచి వచ్చిన ఫోనూ వినపడదు. మీ ప్రోగ్రాం చేసిన గోలకు శిక్ష మిగతా ప్రోగ్రాములన్నిటికీ పడింది.

సిస్టంలో ‘డిస్టర్బ్ చేయొద్దు’ అనే ఏర్పాటు ఉంటుంది. కంప్యూటర్లో ప్రోగ్రాం తనంతట తాను స్పీకర్లోకి రాస్తే ఆ ఏర్పాటుకు సంగతే తెలియదు. నోటిఫికేషన్‌గా సిస్టంకు అప్పగిస్తేనే తెలుస్తుంది. సొంతంగా మోగించే ప్రతి చాట్ ప్రోగ్రామూ వాడుకరి పెట్టుకున్న నియమాన్ని దొడ్డిదారిన దాటినట్టే.

చూపులేనివాళ్ల మాట ఈ చర్చల్లో ఎవరూ ఎత్తరు. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ వచ్చిన మెసేజీని చదివి వినిపిస్తుంది. ఈస్పీక్‌తో తెలుగు కూడా చదువుతుంది. సరిగ్గా ఆ మొదటి మాట మీద మీ టింగు పడుతుంది. ‘రేపు రావద్దు’లో ‘రేపు’ కొట్టుకుపోతే నష్టం ఎవరికి? ఇటు వినపడనివాళ్లకు మోత ఒక్కటే సూచనగా పెడితే మెసేజీ రానట్టే లెక్క. ఈ రెండు వైపులా ఆలోచించకుండా పెట్టిన ఆఫ్ బటన్ ఈ ఇద్దరిలో ఎవరినీ ఆదుకోదు.

6. ‘చప్పుడుతో పోయేదేముంది?’

2019 మేలో వాట్సాప్ కాల్స్ కోడ్‌లో ఒక బఫర్ పొంగే తప్పు బయటపడింది. కాల్ వస్తే చాలు, ఎత్తక్కర్లేదు, ఫోన్‌లోకి పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ దిగేది. సుమారు 1,400 ఫోన్లు లక్ష్యమయ్యాయని వాట్సాప్ చెప్పి, దాన్ని తయారుచేసిన ఎన్‌ఎస్‌ఓ కంపెనీ మీద కోర్టుకెళ్లింది. అదే ఏడాది జనవరిలో ఆపిల్ గ్రూప్ ఫేస్‌టైంలో అవతలివాళ్లు కాల్ ఎత్తకముందే వాళ్ల మైకు వినపడుతోందని తేలి, ఆ సౌకర్యాన్నే కొన్నాళ్లు మూసేశారు. 2018లో ఫైర్‌ఫాక్స్‌ను ఒక పోటీలో పడగొట్టింది వోర్బిస్ చప్పుడు విప్పే కోడ్‌లోని తప్పు. ఇవన్నీ డబ్బుకు, మనుషులకు కొదవలేని, లేదా ఏళ్ల అనుభవం ఉన్న బృందాల కోడ్‌లో జరిగినవే. అపరిచితులు పంపిన బైట్లను విప్పే కోడ్ మీ ప్రోగ్రాంలోకి వచ్చిందంటే ఇంటికి ఇంకో తలుపు పెట్టినట్టే. ఆ తలుపుకు కాపలా ఎవరు?

లినక్స్‌లో ఫ్లాట్‌ప్యాక్ పద్ధతిలో ప్యాక్ చేసే ప్రోగ్రాంకు ‘టింగుమనిపించాలి’ అని పల్స్‌ఆడియో అనుమతి అడిగితే, ఆ ఒక్క అనుమతితోనే మైకు వినే వీలూ వచ్చేస్తుంది. గంట కోసం అడిగాం, చెవి దొరికింది.

7. నా పక్షం

కాబట్టి చాట్ ప్రోగ్రాం మోగించకూడదు. మోగించమని సిస్టంను అడగాలి. నోటిఫికేషన్ పంపి, మోగించాలో, వణికించాలో, మెరిపించాలో, మౌనంగా ఉండాలో సిస్టంకు, దాన్ని తన ఇష్టానికి సర్దుకున్న మనిషికి వదిలేయాలి. సొంత వేవ్ ఫైలు, సొంత వాల్యూమ్ గీత, ‘ఏ పద్ధతిలో మోగించాలి’ అన్న జాబితా: ఈ మూడూ ఉండకూడదు. ‘మన చాట్‌కు ప్రత్యేకమైన మోత ఉండాలి’ అన్న కోరికకు విలువ లేదని నేననను. వాడుకరి నిద్రకన్నా దాని విలువ తక్కువ అంటాను.

గొంతు విషయంలో ముందు రావాల్సింది ప్రత్యక్షంగా మాట్లాడే కాల్ కాదు, రికార్డు చేసి పంపే వాయిస్ మెసేజీ. వాట్సాప్ కూడా వాయిస్ మెసేజీని 2013లో తెచ్చి, కాల్స్‌ను 2015లో గానీ తేలేదు. రికార్డు చేసిన గొంతుకు 150 మిల్లీసెకన్ల గడువు లేదు, రెండు గడియారాల పేచీ లేదు, ప్రతిధ్వని లేదు, రిలే సర్వర్ లేదు. అది మామూలు ఫైలు, మామూలు మెసేజీ దారిలోనే పోతుంది. దాన్ని విప్పే కోడ్‌ను విడి ప్రాసెస్‌లో కట్టేసి ఉంచడం చిన్న బృందానికి సాధ్యమయ్యే పని. దీన్ని సర్దుబాటుగా చూసేవాళ్లు 2022లో వాట్సాప్ చెప్పిన లెక్క చూడాలి: రోజుకు సగటున 700 కోట్ల వాయిస్ మెసేజీలు.

మనవాళ్లకు దీని అవసరం ఇంకాస్త ఎక్కువ. తెలుగులో టైపు చేయడం రాక, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాయడం ఇష్టంలేక మాట్లాడి పంపేవాళ్లు ఊరూరా ఉన్నారు. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లిన మనిషికి అక్కడ వాట్సాప్ కాల్ కలవదు, యూఏఈలో దాన్ని అడ్డుకున్నారు. వాయిస్ మెసేజీ మాత్రం చేరుతుంది. సైట్‌లో పని దిగాక అతను బంక్ బెడ్ మీద పడుకుని చెప్పిన రెండు నిమిషాల మాట, ఇంటి దగ్గర ఆవిడ పొద్దున్నే పొయ్యి దగ్గర వింటుంది. అర్థం కాని చోట వెనక్కి జరిపి మళ్లీ వింటుంది. కాల్‌లో అది కుదరదు.

అందుకని ‘చాట్‌కు సౌండ్ సపోర్ట్ చేర్చాలి, అంచనా: 2 రోజులు’ అని మీ జాబితాలో ఎవరైనా రాస్తే ఆ టికెట్‌ను మూడుగా చీల్చండి. నోటిఫికేషన్‌ను సిస్టంకు అప్పగించడం: ఎప్పుడు మోగకూడదన్న నియమాలతో కలిపి, ప్రతి ప్లాట్‌ఫాంకూ విడిగా అంచనా వేయండి. వాయిస్ మెసేజీ: రికార్డింగ్, ప్లేయర్, వెనక్కి జరిపే గీత, విడి ప్రాసెస్ కలిపి అంచనా వేయండి. మూడోది కాల్స్. ప్రతిధ్వని పని తెలిసినవాళ్లు, రిలే బిల్లు కట్టేవాళ్లు, సెక్యూరిటీ ఫిర్యాదు వస్తే అర్ధరాత్రి లేచేవాళ్లు, ఈ ముగ్గురి పేర్లూ పక్కన రాసేదాకా దానికి తేదీ వేయకండి.